తాకట్టుపడిన ప్రాయము

పదునారేండ్ల బాలుడు తన యిల్లు తాకట్టుపెట్టి పత్రము వ్రాసియిచ్చిన నది చెల్లదు. 1872 వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము మైనరుకు ఒడంబడిక చేసికొను శక్తి లేదన్నది. 1903 లో మోహరీ బీబీ వ్యాజ్యెమున ప్రీవీకౌన్సిలువారు మైనరు వ్రాసిన తాకట్టు పత్రము మొదటినుండియు శూన్యమేయని తీర్పు చెప్పిరి. సెంటు భూమి నమ్ముకొనుటకు వానికి హక్కు లేదు. ఎందుచేత? తన మేలు కీడులను తూచుకొను వివేకము వానికింకను పండలేదని. వాని సెంటు భూమి నింత జాగ్రత్తగా కాపాడు మనమే, వాని బ్రతుకునంతను మూడు గంటల పరీక్షకు పందెముగా నొడ్డుచున్నాము. పందె మోడిన దినమున, పెద్దవానివలె గుండె దిటవు చేసికొనలేదని తిరిగి వానినే నిందించుచున్నాము. ఇల్లు తాకట్టు పెట్టరాదట. ప్రాయము తాకట్టు పెట్టవచ్చునట! ఇదియే మన తెలుగు గృహస్థుల నేటి నీతి.

ఈ నీతికి మూల్యమెంతయో లెక్కలున్నవి. 2022 వ సంవత్సరమున భారతదేశమున ప్రాణములు తీసికొన్న విద్యార్థులు 13,044 మందియని జాతీయ నేర నమోదు సంస్థవారి పట్టికలు చెప్పుచున్నవి. అందు 2,248 మరణములకు పరీక్ష తప్పుటయే కారణముగా వ్రాయబడినది. ఒక్క కారణముచేతనే యెవ్వరును ప్రాణము తీసికొనరని మే మెఱుగుదుము. కాని యెన్ని కారణములున్నను, చివరి బరువు మోపిన చేయి యెవరిదని యడుగకుండ నుండలేము. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా బిడ్డలు రాలిపోయిరి. ఆ ఫలితములలో లోపము లున్నవని ప్రభుత్వము నియమించిన త్రిసభ్య సంఘమే తేల్చినది. తెలుగు పరీక్షలో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక బాలికకు, తిరిగి చూడగా నూటికి తొంబదితొమ్మిది వచ్చెను. దిద్దు కలము తప్పిన, అంకె మార్చవచ్చును. రాలిన ప్రాణమునకు పునఃపరిశీలన యున్నదా?

ఇంతకును ఈ ప్రాయ మెట్టిది? మేము న్యాయవాదులము గాని వైద్యులము కాము. అయినను సాక్ష్యమును చదువుట మా వృత్తి; శాస్త్రజ్ఞులు గత నూరేండ్లలో కూర్చిన సాక్ష్యమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

1904 లో అమెరికా పండితుడు స్టాన్లీ హాల్ కౌమారమును గూర్చి రెండు సంపుటముల గ్రంథము వ్రాసి, ఇది తుపానుల వయస్సనెను. తరువాతివారు ఆ మాటను పూర్తిగా నంగీకరింపలేదు. పెక్కుమంది బిడ్డలు ప్రశాంతముగనే యీ యేఱు దాటుదురనియు, అయినను తక్కిన వయస్సులకంటె ఈ వయస్సుననే సుడులు ఎక్కువయనియు తేల్చిరి. కాబట్టి కౌమారము రోగము కాదు. రోగమని భయపడు తల్లిదండ్రులును, ఏమియు లేదని త్రోసివేయు తల్లిదండ్రులును సమానముగా పొరబడుచున్నారు.

మొదట బుద్ధి సంగతి. స్విట్జర్లాండు పండితుడు జాఁ పియాజే, ఆయన సహచరి బార్బెల్ ఇన్‌హెల్డర్‌తో కలిసి 1955 లో ప్రకటించిన పరిశోధనలో, పదునొకండు పండ్రెండేండ్లు మొదలుకొని బిడ్డల యాలోచన కొత్త త్రోవ పట్టునని చూపెను. పసివాడు కంటి కెదురుగా నున్నదానినే లెక్కించును. కౌమారములో నడుగిడినవాడు లేనిదానిని గూడ ఊహించును, "ఇట్లున్నది సరే, మఱియొక విధముగా నుండరాదా?" యని యడుగును. న్యాయము, ధర్మము, దేశము, దైవము అను మాటలు అప్పటివఱకు వానికి శబ్దములు, ఇప్పుడవి ప్రశ్నలు. తండ్రి చెప్పుమాటకును చేయుపనికిని నడుమనున్న దూరమును వాడు మొదట కొలుచునది ఈ వయస్సుననే. మన మిండ్లలో దీనికి పెట్టుకొన్న పేరు ఎదురుమాట. నిజమున కది వివేకము కన్ను తెఱచుట. ఆ కంటిలో కారము చల్లి, తరువాత బిడ్డకు లోకజ్ఞానము లేదని విచారించుటలో న్యాయమేమి?

ఇక మెదడు సంగతి. అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థలో జే గీడ్ అను వైద్యుడును ఆయన తోడివారును అవే బిడ్డల మెదళ్లను ఏండ్ల తరబడి యంత్రములతో చిత్రించి, 1999 లో ఫలితములు ప్రకటించిరి. యౌవనపు గడప వఱకు మెదడులోని బూడిదవన్నె పదార్థము దట్టమై, పిమ్మట పలుచబడుచు వచ్చును. తెల్లని పదార్థము పెరుగుచునే యుండును. వాడుకలేని బంధములు సడలి రాలిపోవుననియు, వాడుకలోనున్నవి గట్టిపడి వేగము పుంజుకొనుననియు దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు తాత్పర్యము. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్లు ప్రకృతియే కత్తిరించుచున్నది. ఈ పనిలో అందఱికంటె వెనుక పక్వమగునది నొసటి వెనుకనున్న భాగము. ముందుచూపు, నిగ్రహము, ఫలితముల తూనిక యన్నియు దానిపై నాధారపడియున్నవి. ఇరువదియైదేండ్ల ప్రాంతము వఱకు నది కుదుటపడదు. కోరికకు, బహుమానమునకు, భయమునకు స్పందించు లోపలి భాగములో, యౌవనము తొంగిచూచినది మొదలు చుఱుకుదేరును. కఠోపనిషత్తు చెప్పిన రథమును తలచుకొనుడు. గుఱ్ఱములు బలిసినవి, సారథి యింకను పగ్గము పట్టుట నేర్చుకొనుచున్నాడు.

ఐనచో పదునారేండ్లవాడు బుద్ధిహీనుడా? కాడు. ఇచ్చటనే మన పెద్దలు తప్పుత్రోవ పట్టుచున్నారు. మన దేశముతో గూడ పదునొకండు దేశములలో అయిదువేలమందికి పైగా పరీక్షించి 2019 లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. నెమ్మదిగా కూర్చుండి ఆలోచించునపుడు పదునారేండ్లవాని తెలివి పెద్దవారి తెలివికి దాదాపు సమానమేయని యది చూపినది. ఆవేశము, తొందర, తోడివారి యొత్తిడి గల సమయమున నిగ్రహము మాత్ర మంతకుఁ గొన్నియేండ్ల తరువాత గాని సమానము కాదు. అనగా ఆ బిడ్డ లెక్కలో మనకు తీసిపోడు, దుఃఖములో తీసిపోవును. బీజగణితము చక్కగా చేయుచున్నాడు గనుక అవమానమును గూడ చక్కగా మ్రింగగలడని మన మనుకొనుచున్నాము. ఆ యూహయే ప్రాణాంతకము.

తోడివారి చూపు ఈ వయస్సున నెంత పదునైనదో 2005 లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు చూపిరి. బండి నడుపు ఆట యొకటి యాడించి చూడగా, పదుమూడు మొదలు పదునారేండ్ల బాలురు బాలికలు ఒంటరిగా నున్నపుడు ఒక విధముగాను, స్నేహితులు చూచుచున్నపుడు మఱింత తెగువతోను ఆడిరి. ఇరువదినాలుగేండ్లు దాటినవారిలో నీ భేదము కానరాలేదు. సాటివారి మెప్పు ఈ ప్రాయమున అన్నము వంటిది. సాటివారి యెదుట పరాభవమో, విషము వంటిది.

ఇక నిద్ర. యౌవనారంభమున దేహములోని గడియారమే వెనుకకు జరుగునని అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ మొదలగువారు స్థాపించిరి. రాత్రి నిద్ర ఆలస్యముగా వచ్చును, ఉదయము మెలకువ ఆలస్యముగా వచ్చును. ఇది బద్ధకము కాదు, ప్రకృతి. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని నిద్రావైద్యుల మాట. కాలిఫోర్నియా రాష్ట్రమున 2019 లో చట్టము చేసి, 2022 మొదలు ఉన్నత పాఠశాలలు ఉదయము ఎనిమిదిన్నరకు ముందు తెఱువరాదని సాధారణ నియమము పెట్టిరి.

ఇప్పుడీ సాక్ష్యమును ఒకచేత పట్టుకొని, మఱియొకచేత మన హాస్టలు జూనియర్ కళాశాలల దినచర్యను పట్టుకొని చూడుడు. ప్రశ్నించు వయస్సున ప్రశ్న నిషిద్ధము, కంఠస్థము చేయవలెను. నిద్ర కావలసిన వయస్సున తెల్లవారుజామున గంట కొట్టి లేపుదురు, రాత్రి పది పదునొకండు వఱకు 'స్టడీ అవర్స్' అని కూర్చుండబెట్టుదురు. తోడివారి చూపు కత్తివలె తగులు వయస్సున, వారము వారము పరీక్ష పెట్టి, మార్కులనుబట్టి బిడ్డలను తరగతులుగా విడదీసి, కడపటి తరగతివాడు కడపటివాడని గోడమీద కాగిత మంటింతురు. మనస్సు మఱియొక మనస్సును వెదకు వయస్సున బాలుడు బాలికతో మాటలాడిన నేరమని తల్లిదండ్రులను పిలిపింతురు. అందును బాలికకే యెక్కువ శిక్ష. ఆటస్థలము లేదు, తోట లేదు, గ్రంథాలయము లేదు. మేడపై మేడ, తలుపుపై తాళము. ఈ ప్రాయమును గూర్చి పూర్తిగా తెలిసిన శత్రువు కూర్చుండి కల్పించినను, ఇంతకంటె ప్రతికూలమైన దినచర్య కల్పింపజాలడు. ఫలితములు వచ్చిన దినమున మాత్రము పత్రికల మొదటిపుట నిండ ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకుల బొమ్మలు! ఆ బొమ్మలలో లేని వేలమంది యేమైరని యడుగువా రెవ్వరు?

బాల్యమునకును గృహస్థధర్మమునకును నడుమ నిట్టి ప్రాయమొకటి మన బిడ్డలకు దక్కుటయే గొప్ప పోరాట ఫలమని మఱువరాదు. ఒకనాడు పదేండ్ల బాలికను పెండ్లిపీటపై నెక్కించి, మఱునాటినుండి ఆమెను గృహిణి యనువారము. వీరేశలింగము పంతులుగారు మొదలగు సంస్కర్తలు తిట్లు తిని, వెలిపడి, యీ యన్యాయముతో పోరిరి. 1929 లో శారదా చట్టము వచ్చెను. ఆ పెనుగులాటలో గెలిచిన పదార్థమేమి? ఎదుగుటకు నాలుగేండ్ల గడువు. ఆ గడువును పురోహితుని చేతినుండి విడిపించి కోచింగు వ్యాపారి చేతికిచ్చుటయేనా మనము చేసిన సంస్కారము?

మా మాటకు మూడు ప్రత్యుత్తరములు వినబడుచున్నవి.

"మొక్కై వంగనిది మానై వంగునా?" యని కొందఱు. బిడ్డకు వివేక మింకను పండలేదని మీరే యొప్పుకొన్నారు గదా, కట్టుదిట్టము లేకున్న చెడిపోడా యని వారి వాదము. మొక్కకు కంచె కావలెను, మేమును కాదనము. కాని కంచె వేఱు, పెట్టె వేఱు. మొక్కను పెట్టెలో నుంచి మూత వేసినవాడు కాపాడినవాడు కాడు. వాడుకొనని శక్తి సడలునని పైని చూచితిమి. ఉదయమునుండి రాత్రి వఱకు ఒక్క నిర్ణయమైనను తనంతట చేసికొననీయని బిడ్డకు, నిర్ణయించు శక్తి పదునెనిమిదవ పుట్టిననాడు ఆకాశమునుండి యూడిపడునా? నీటిలో దిగనిది ఈత రాదు. పదునారవయేడు రాగానే కొడుకును మిత్రునివలె చూడవలెనని మన పూర్వులు చెప్పిన మాటను పెండ్లిపందిళ్లలో చెప్పుకొనుటయేగాని, యింట నాచరించు తండ్రు లెందఱు?

"మా కాలమున నివి లేవా? మేము చదువలేదా, దెబ్బలు తినలేదా?" యని మఱికొందఱు. అయ్యా, తమ కాలమున పరీక్ష యుండెను. పరీక్ష తరువాత ఇల్లుండెను. దెబ్బ తిన్న సాయంకాలమే తల్లి చేతి ముద్దయు, చెఱువుగట్టుమీది స్నేహితులును, అమ్మమ్మగారి యూరును ఉండెను. ఈ బిడ్డకు దెబ్బకొట్టిన చోటనే నిద్ర, అవమానించినవారి యెదుటనే భోజనము. ఇంటితో మాటలాడుట వారమునకొక్కసారి, అదియు వార్డెను వినుచుండగా.

మూడవ ప్రత్యుత్తరము మాత్రము బరువైనది. "మేము కూలివారము, చిన్న రైతులము. మాకు సీటే నిచ్చెన. అదియు వలదందురా?" వలదనము. ఆ తండ్రి కన్నీరు మాకు తెలియును. ఎకర మమ్మి ఫీజు కట్టినవారి దస్తావేజులు మా బల్లమీదనే వ్రాయబడినవి. ఆయన నడుగునదొక్కటే: లెక్క చూడుము. 2024 లో నీట్ పరీక్షకు 24 లక్షలమందికి పైగా పేర్లు నమోదు చేసికొనిరి. దేశమున ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచె మెక్కువ. ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకొన్నను నూటికి తొంబదియైదుగురికి సీటు రాదు. వారి యోటమి వారి సోమరితనమువలన రాలేదు. గణితమే దానిని ముందుగా నిర్ణయించినది. ఆ తొంబదియైదుగురికి వేఱొక త్రోవ చూపుట ప్రభుత్వ ధర్మము. ఆ త్రోవ లేదని నమ్మించి ఎకరము లమ్మించుట వ్యాపార ధర్మము. ప్రభుత్వ కళాశాలలను పాడుపెట్టి వ్యాపారమునకు మార్గము చేసిన పాపము మాత్రము పాలకులదే.

చట్టము లేదా యందురేమో. ఉన్నది, ముక్కలు ముక్కలుగా నున్నది. బిడ్డను కొట్టరాదు, మనస్సు నొప్పింపరాదు అని నిషేధించిన 2009 నాటి విద్యాహక్కు చట్టము 14 ఏండ్లతో ఆగిపోవుచున్నది. అనగా మన కష్టకాల మారంభమగు చోటనే దాని కాపుదల ముగియుచున్నది. 2015 నాటి బాలనేర న్యాయ చట్టము, ఘోరనేరము మోపబడిన పదునారేండ్లు దాటినవానిని పెద్దవానివలె విచారించుటకు త్రోవ తెఱచినది. ఆ విచారణకు ముందు, ఫలితము గ్రహించు శక్తి వానికున్నదా యని చూతురు. గ్రహించిన పిదప తన్ను తాను ఆపుకొను శక్తియున్నదా యని చూచుట అరుదు. ఈ రెండును వేఱని శాస్త్రము చెప్పుచున్నది. నేరము చేసిన దినమున వాడు పెద్ద. నోరెత్తి తన చదువు తానెన్నుకొందునన్న దినమున చిన్న! అయినను ఆ చట్టమునందే 75 వ సెక్షను కలదు. బిడ్డ సంరక్షణ నప్పగింపబడిన సంస్థలోని యుద్యోగిగాని యజమానిగాని బిడ్డను హింసించి శారీరక మానసిక బాధ కలిగించినచో అయిదేండ్ల వఱకు కఠినశిక్షయు, అయిదు లక్షల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. ఈ సెక్షను హాస్టళ్ల గడప తొక్కినట్లు మే మరుదుగా వినుచున్నాము.

సంఘములు వేయలేదా? వేసిరి. 2001 లో నీరదారెడ్డి సంఘము, 2017 లో చక్రపాణి సంఘము. రెండు నివేదికలును బీరువాలలో విశ్రమించుచున్నవి. 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము కోచింగు దినమున కయిదు గంటలకు మించరాదని సూచనలిచ్చినది. మన రాష్ట్రములలో కళాశాలయు కోచింగును ఒకే కప్పుక్రింద కలిసిపోయినవి గనుక ఆ సూచన యెవరికి వర్తించునను తగవుతోనే కాలము గడచుచున్నది. తుదకు 2025 జూలై 25 వ తేదీన, విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచు మరణించిన పదునేడేండ్ల బాలిక తండ్రి పెట్టుకొన్న మొఱపై సుప్రీము కోర్టువారు తీర్పు చెప్పుచు, దేశమంతటికి పదునైదు నిర్దేశములు చేసిరి. నూరుమంది గల ప్రతి విద్యాసంస్థయు అర్హతగల మనోవైద్య సలహాదారు నొక్కరినైనను నియమింపవలెను. మార్కులనుబట్టి తరగతులు విడదీయరాదు, బహిరంగముగా నవమానింపరాదు. చట్టసభలు తగిన చట్టము చేయువఱకు ఇవి పాటింపవలసినవే. ఈ తీర్పు పుట్టినది మన తెలుగుగడ్డమీది దుఃఖమునుండి. దానిని మొదట పాటింపవలసినవారము మనమే గదా!

కావున మేము కోరునది స్పష్టము. ప్రభుత్వములు ఆ నిర్దేశములను ఏయే కళాశాల పాటించినదో, ఏది పాటింపలేదో, జిల్లాల వారీగా పట్టికలు వేసి ప్రకటింపవలెను. ఎనిమిది గంటల నిద్రయు, దినమున కొక గంట యాటయు లేని హాస్టలునకు అనుమతి రద్దు కావలెను. న్యాయవాద సోదరులు జిల్లాకు పదిమందియైన ముందునకు వచ్చి, ఫీజు లేకుండ 75 వ సెక్షను ఫిర్యాదులు నడుపవలెను. మేమందుకు సిద్ధముగా నున్నాము. గ్రంథాలయ సంఘములవారు తమ పఠనమందిరములలో వారమునకొక సాయంకాలము ఈ ప్రాయపు పిల్లలకు వదలిపెట్టవలెను. వారు మాటలాడుదురు, పెద్దలు విందురు. తల్లిదండ్రులు నేటి రాత్రియే తమ బిడ్డతో, మార్కుల ప్రస్తావన లేకుండ, అరగంట మాటలాడవలెను. ఏ యింటనైన నొక బిడ్డ మాటలు తగ్గి, అన్నము మాని, బ్రతుకు వ్యర్థమనుచున్నచో, అది నటనయని త్రోసివేయక, 2022 అక్టోబరునుండి ప్రభుత్వము నడుపుచున్న 'టెలీ మానస్' 14416 కు టెలిఫోను చేయవలెను, తెలుగులోనే మాటలాడవచ్చును. సిగ్గుపడవలసిన దందులో లేదు.

ఇక పదునారేండ్ల సోదరులారా, సోదరీమణులారా! పఠనమందిరములో ఈ పత్రిక మీచేత పడినచో నొక్కమాట. నేడు శాశ్వతమని తోచు దుఃఖము శాశ్వతము కాదు. అట్లు తోపించుట మీ వయస్సు స్వభావము, లోకస్వభావము కాదు. మీకు వచ్చిన ర్యాంకు ఒకనాటి మూడు గంటలకు మాత్రమే కొలత. పెద్దలు మీ పేర వ్రాసిన ఈ తాకట్టు పత్రమునకు మీరు బద్ధులు కారు. చట్టముమాట యెట్లున్నను, ధర్మము దృష్టిలో నది మొదటినుండియు శూన్యము. దానిని చింపివేయు బాధ్యత మాది. ఆ పని చేయించుటకు మమ్ము నిలదీయు హక్కు మీది.